బానెట్ మీద చెయ్యి

దుర్గేష్ షెడ్డులో మిగతా పనులన్నీ ఎవరికైనా అప్పజెప్తాడు గానీ, పాలిష్ మిషన్‌కు తగిలించే ప్యాడ్ల జోలికి మాత్రం ఎవరినీ రానివ్వడు. సాయంత్రం తనే కడిగి, తనే పిండి, పొద్దున్నే వచ్చి షెడ్డు బయటి తీగకు తనే క్లిప్పులు పెట్టి ఆరేస్తాడు. ముందు ఉన్ని ప్యాడ్లు, వాటి పక్కన గట్టి స్పాంజివి, తర్వాత మధ్యరకం, చివరికి వేలు పెడితే బన్నురొట్టెలా లోపలికి పోయే మెత్తటివి. పట్టుచీరలు ఆరేసినా ఇంత సంబరం ఉండదని విక్రమ్ ఎగతాళి చేస్తుంటాడు. విక్రమ్ ఓనరు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడ్డ ఒక బిస్కెట్ల గోడౌను అద్దెకు తీసుకుని, గోడలకు నల్ల రంగు వేయించి, కప్పు నిండా తెల్ల లైట్లు పెట్టించి, కార్లకు పాలిష్ పట్టే దుకాణం తెరిచాడు.

ఆ సోమవారం చలి బాగా ఉంది. క్లిప్పు చేతిలోంచి జారి కింద పడింది. తీసి పెట్టబోతే మళ్ళీ జారింది. దుర్గేష్ తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకున్నాడు. చూపుడువేలు, మధ్యవేలు రెండో కణుపు దాకా తెల్లగా పాలిపోయి, వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. గబుక్కున చెయ్యి చంకలో పెట్టుకుని చుట్టూ చూశాడు. కుళాయి దగ్గర కార్లు కడిగే ఆమని బకెట్లు నింపుతోంది. ఆమె ఇటు చూడలేదులే అనుకున్నాడు.

మొదట్లో అది వట్టి తిమ్మిరి. పొద్దంతా మిషన్ పట్టుకుని ఆ అదురు మోస్తే ఎవరికైనా ఉండేదే అని ఊరుకున్నాడు. ఇప్పుడది తిమ్మిరి కాదు. ఆ వేళ్ళకే కాదు, అరచేతికి కూడా వేడీ తెలియదు, చల్లదనమూ తెలియదు. పాలిష్ పట్టేవాడికి వేడి తెలియకపోతే ఇంకేం మిగిలింది? కారు రంగు మీద అద్దం లాంటి పూత ఒకటుంటుంది, కాగితమంత పల్చన. ప్యాడ్ తిరిగే కొద్దీ అది వేడెక్కుతుంది. చేత్తో తడిమి చూసుకుని, ఇక చాలని ఆపాలి. ఆపకపోతే పూత లేచిపోయి, రంగు లేచిపోయి, అడుగున తెల్లటి ప్రైమర్ బయటపడుతుంది. దానికి మందు లేదు. మళ్ళీ మొత్తం రంగేయించాల్సిందే.

పోయిన నెల, తనతోపాటు పాలిష్ పట్టే నరేన్ చేతిలో అదే అయింది. ఒక కారు డోరు అంచున గోరంత మేర తెల్లగా తేలింది. ఆ డోరుకు ఎప్పుడో ఎవరో చవగ్గా రంగేయించారు, పూత సరిగా పట్టనే లేదు, అది నరేన్ తప్పు కాదు. విక్రమ్ అరవలేదు. ఆ మచ్చ ఫోటో తీసి, కింద నరేన్ పేరు రాసి, పనివాళ్ళ గ్రూపులో పెట్టాడు. అన్నాల వేళకు అరమరలో నరేన్ టిఫిన్ డబ్బా ఉంది, మనిషి లేడు. డబ్బా ఇచ్చిరావడానికి దుర్గేషే వాళ్ళింటికి పోయాడు. ఉప్పల్ నుంచి ఈసీఐఎల్ దాకా ఏ షెడ్డులోనూ పని దొరకడం లేదని నరేన్ చెప్పాడు. ఫోటో తన కంటే ముందే అక్కడికి చేరిందట.

ఆ రోజు నుంచి దుర్గేష్‌కు ఫోన్ మోగితే చాలు, గుండె దడ.

పది దాటాక ఒక నల్ల కారు వచ్చి గేటు ముందు ఆగింది. ఒకసారి ముందుకొచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ ముందుకొచ్చి, ఎలాగో లోపలికొచ్చింది. దిగినావిడ యాభై దాటిన మనిషి, నాగారంలో స్కూలు టీచరు, పేరు అనంతలక్ష్మి. డ్రైవింగ్ ఈ మధ్యనే నేర్చుకున్నట్టు ఆమె చెప్పక్కర్లేదు.

"సెకండ్ హ్యాండే గని, నాకైతే కొత్తదే" అంది కారు మీద చెయ్యి వేసి. "పూజకు పోయేటప్పుడు కుంకుమ మరిచిపోయిన. పసుపున్నది. పక్కకే పాన్ డబ్బా ఉంటే జర సున్నం అడిగి తెచ్చి కలిపిన. గడపకు పారాణి వెడ్తం గదా, గట్ల ఎర్రగ వస్తదని. ఇగో, ఇంత పెద్ద స్వస్తిక్ దిద్దిన. శుక్రవారం దాక కడగొద్దని అయ్యగారు జెప్పిండు. వారం దినాలు ఎండలనే ఉన్నది."

బానెట్ నడిమధ్యన స్వస్తిక్ బూడిదరంగులో అలాగే ఉండిపోయింది. ఎరుపు ఎప్పుడో పోయింది. సున్నం తిన్నంత మేర తిన్నది. దుర్గేష్ ఎడమచేతి వేలితో తడిమాడు, గరుగ్గా తగిలింది.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్. బుధవారం వరకు అద్దం లెక్క జేసి ఇస్తం" అన్నాడు విక్రమ్, ఫోన్ చెవిన పెట్టుకుంటూ.

ఆవిడ దుర్గేష్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "దేవుని గుర్తు గద బాబు. మిషన్ వెట్టి గీకితే పాపమేమన్న అయితదా?"

"అయితే మాకైతది మేడమ్. మీకెందుకు" అన్నాడు దుర్గేష్. ఆవిడ నవ్వింది. అతనూ నవ్వినట్టు చేశాడు.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళాక, పూత మందం చూసే చిన్న మీటరు తీసి కారు చుట్టూ తిరిగాడు. డోర్ల మీద బాగానే ఉంది. బానెట్ మీదికి వచ్చేసరికి అంకె దిగజారింది. పాత ఓనరు ఎన్నిసార్లు పాలిష్ పట్టించాడో ఏమో. బానెట్ మధ్యలో ఉబ్బెత్తుగా ఒక మడత ఉంది, సరిగ్గా స్వస్తిక్ దాని మీదే పడింది. అక్కడ మీటరు పెడితే అంకె ఇంకా కిందికి పోయింది. దుర్గేష్ మళ్ళీ ఒకసారి పెట్టి చూశాడు, అదే అంకె.

"ఉన్ని ప్యాడ్ వెట్టు, గట్టి కంపౌండ్ పేస్టు కొట్టు. ఎంతసేపు పడుతది?" అన్నాడు విక్రమ్ వచ్చి.

"పూత పల్చగున్నదే అన్నా. మెత్తదాంతోని మొదలువెట్టి సూస్త. పోకపోతే మీదికి పోదాం."

"బుధవారమన్న, మళ్ళ. మాట ఇచ్చిన."

దుర్గేష్ చెప్పింది పద్ధతే. పని తెలిసినవాడెవడైనా మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తోనే మొదలుపెడతాడు. దానికి లొంగకపోతేనే ఒక మెట్టు గట్టిదానికి పోతాడు, ఉన్నిది అన్నిటికంటే చివర్న. కానీ ఆ మాటలో పద్ధతి సగం, భయం సగం. మెత్తటి ప్యాడ్ నెమ్మదిగా కోస్తుంది, తప్పు చేయడానికి చాలాసేపు పడుతుంది. అరమరలో ఉన్న ప్యాడ్లలో తన పిరికితనానికి సరిపడేదాన్ని తను వెతుక్కుంటున్నాడని అతనికి తెలుసు.

పూత త్వరగా లేచే బానెట్ అంచుల పొడుగునా నీలం టేపు అంటించాడు. ముందుగా స్వస్తిక్ ఒక్క కొమ్మును మాత్రమే ఎంచుకుని, ప్యాడ్ మీద బఠాణీ గింజలంత పాలిష్ చుక్కలు పెట్టి, మిషన్ ఆన్ చేయకముందే బానెట్ మీద అద్దుకుంటూ పోయాడు. తర్వాత మెల్లగా ఆన్ చేశాడు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అదురు మణికట్టు దాటి మోచేతికి ఎక్కింది.

"దుర్గేష్ అన్నా, టీ వచ్చింది" అని పిలిచింది ఆమని.

మిషన్ ఆపాల్సి వచ్చింది. అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఆమనిది విజయనగరం వైపు. భర్త ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తాడు. ఆమె కార్లు కడుగుతుంది, లోపల దుమ్ము తీస్తుంది, అది ఆమె పని. కానీ కొన్ని నెలలుగా దుర్గేష్ మిషన్ పట్టినప్పుడల్లా తడిగుడ్డ పట్టుకుని వెనకాలే తిరుగుతోంది. అతను ఆపిన చోటల్లా తుడుస్తుంది. ఎవరూ చెప్పలేదు. పని ఎత్తుకుపోదామని చూస్తోందని అతని అనుమానం. అనుమానమేంటి, నమ్మకమే.

టీ తాగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మధ్యరకం స్పాంజి.

"అన్నా, వైరు మీ కాలి కింద పడింది."

చూశాడు. వైరు ఎక్కడో అటు పక్కనుంది. "ఏందమ్మా నీ లొల్లి? మిషన్ నడిచేటప్పుడు పిలువద్దని ఎన్నిసార్లు జెప్పాలె?"

"సారీ అన్నా" అని, అతను మాట్లాడుతుండగానే గుడ్డ వేసి బానెట్ తుడిచేసింది. తర్వాత అరమర ముందు నిలబడి అడిగింది, "ఏ మచ్చకు ఏ ప్యాడ్ పెట్టాలో ఎలా తెలుస్తుందన్నా?"

"చెప్తే వచ్చేది గాదది" అన్నాడు దుర్గేష్. "చేత్తోనే తెలుస్తది."

అని, ఆ చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి స్వస్తిక్ అంచులు కొద్దిగా చెదిరాయి, అంతే. స్పిరిట్ కొట్టి తుడిచి, లైటు పెట్టి చూస్తే మొత్తం ఆకారం మళ్ళీ తేలింది.

ఉప్పల్‌లో వాళ్ళిల్లు రెండు గదులది. భార్య త్రివేణి హబ్సిగూడలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడ ఎన్ని రొట్టెలు చేసినా ఇంటికొచ్చి మళ్ళీ చేయాల్సిందే. ఆమె పిండి తడుపుకోవడానికి లేచినప్పుడు పెనం మీద రొట్టె మాడబోతుంటే, దుర్గేష్ తిరగేద్దామని చెయ్యి పెట్టాడు. రొట్టె తిప్పాడు. పెనం జరిగితే వట్టి చేత్తోనే సరిచేశాడు. త్రివేణి అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

ఆమె అతని చెయ్యిని లాక్కుని కుండ నీళ్ళలో ముంచింది. రెండు వేళ్ళ మీద చర్మం తెల్లగా ఉబ్బింది. దుర్గేష్ దాని వంక అది ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"మంటగ లేదా?"

"లేదు."

"ఎప్పటి సంది గిట్ల?"

అతను చెయ్యి నీళ్ళలోంచి తీయబోయాడు. ఆమె అతని మొహం చూసి తనే లెక్క కట్టుకుంది. "రేపే దవాఖానకు పోదాం. నేను హాస్టల్ల జెప్పి వస్త."

"పోతే ఏం జెప్తడు డాక్టరు? మిషన్ ముట్టొద్దంటడు. ముట్టకపోతే నాకింకేం వచ్చు, త్రివేణీ? గీ వయసుల ఎవడు నేర్పిస్తడు నాకు?"

"చెయ్యి పోతే వస్తదా?"

"పనైతే పోదు గద అప్పటిదాంక."

త్రివేణి అతని చెయ్యి బయటికి తీసి తుడిచింది. పసుపు అద్ది గుడ్డ చుట్టింది. రొట్టె అతని ముందు పెట్టి, తను తినకుండా గోడకానుకుని కూర్చుంది. ఆమె కోపంగా ఉంటే అతను తట్టుకోగలడు. ఆమె భయపడుతోంది. అది చూసి అతని భయం రెండింతలైంది. గ్రూపులో ఫోటో, ఫోటో కింద తన పేరు, అన్నాల వేళ అరమరలో తన డబ్బా, కళ్ళు మూసుకున్నా అవే.

మంగళవారం రబ్బరు తొడుగు వేసుకుని పనిలోకి వచ్చాడు. ఆమని రాలేదు. కొడుక్కి జ్వరమని ఫోన్ చేసిందట. పీడా పోయింది, ఈరోజన్నా నెమ్మదిగా చేసుకోవచ్చు అనుకున్నాడు.

మధ్యరకం, ఆ తర్వాత గట్టి స్పాంజి, రెండూ అయ్యాయి. స్వస్తిక్ సగానికి సగం పోయింది. మిగిలిన సగం మొండికేసింది. విక్రమ్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గిట్ల నిమురుకుంట కూసుంటే ఏడాదైనా పోదు. నీకు కోపమొచ్చినా సరే, ఇగో" అని గట్టి స్పాంజి పీకేసి, ఉన్ని ప్యాడ్ తనే మిషన్‌కు తగిలించాడు. "కొట్టు. నేనున్న గద."

నేనున్నా అన్నవాడు వెంటనే ఫోన్ మోగితే ఆఫీసు గదిలోకి పోయాడు.

దుర్గేష్ కంపౌండ్ పెట్టాడు. ఉన్ని ప్యాడ్ తిరగడం మొదలుపెట్టగానే చప్పుడే మారిపోయింది. నల్ల రంగు మీద తెల్లటి పొర పరుచుకుంటూ, విరిగిపోతూ, మళ్ళీ పరుచుకుంటూ పోతోంది. బూడిదరంగు గుర్తు కళ్ళ ముందే కరుగుతోంది. ఎన్ని రోజుల తర్వాతో పని పనిలా సాగుతోంది. అతను ఆ తెలుపులోకే చూస్తూ మిషన్ తిప్పాడు. అటు, ఇటు, మళ్ళీ అటు. అయినా మనసులో ఏదో తక్కువైనట్టు ఉంది. చెవులు వెనక్కి పెట్టి దేనికోసమో చూస్తున్నాడు. ఏదో రావాలి, ఇంకా రాలేదు. ఏమిటది?

అన్నా, టీ. ఆమని పిలుపు, అదే రాలేదు.

గుప్పుమని మాడు వాసన కొట్టింది. చటుక్కున మిషన్ ఎత్తి ఆపేశాడు. తొడుగు పీకి కుడిచెయ్యి పెట్టాడు, ఏమీ తెలియలేదు. ఎడమ మణికట్టు పెట్టాడు, అక్కడా ఏదో మసకగా తగిలింది. చుట్టూ చూసి, వంగి, చెంప ఆనించాడు. చురుక్కుమంది. వెనక్కి తుళ్ళిపడ్డాడు.

స్పిరిట్ సీసా మూత తీయడానికి వేళ్ళు సహకరించలేదు, పళ్ళతో తీశాడు. చల్లి, తుడిచి, టార్చి పెట్టి మడత వెంట అంగుళం అంగుళం చూశాడు. నలుపు. ఇంకొంచెం జరిపాడు. నలుపే. చివరి దాకా నలుపే ఉంది. గుర్తు నీడలా ఇంకా మిగిలే ఉంది గానీ, బతికిపోయాడు. బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

అక్కడ కూర్చున్నప్పుడు ఆమని పిలుపులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తెల్ల కారు డోరు మీద ఉన్నప్పుడు గేటు దగ్గర ఎవరో మీకోసం వచ్చారంది. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. ఎర్ర కారు డిక్కీ మీద ఉన్నప్పుడు నీళ్ళు తాగుతారా అంది. నిన్న వైరంది. పిలిచిన ప్రతిసారీ పరుగున వచ్చి తడిగుడ్డ వేసింది. ఒక్కసారి కూడా ప్యాడ్ అప్పుడే పెట్టినప్పుడు పిలవలేదు. ఎప్పుడూ చివర్లోనే, ఇక చాలనాల్సిన చోటే.

పని ఎత్తుకుపోవడానికి వెనకాల తిరిగిన మనిషి కాదది. ఇన్నాళ్ళూ అతని చెయ్యి చేయని పని ఆమె గొంతు చేస్తూ వచ్చింది.

కృతజ్ఞత కలగాలి నిజానికి. కలగలేదు. ముందు కలిగింది భయమే. ఆమెకు తెలుసు. ఒక మనిషికి తెలుసు. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆఫీసు గదిలోకి పోయి ఒక్క మాట చెప్పొచ్చు.

బుధవారం ఆమె కుళాయి దగ్గర దొరికింది. దుర్గేష్ బకెట్ పెట్టే నెపంతో పక్కన నిలబడ్డాడు.

"పిలగానికి ఎట్లున్నది?"

"తగ్గిందన్నా."

"నీకు ఎప్పటి సంది తెల్సు?"

ఆమె ఏమిటని అడగలేదు. కుళాయి కట్టేసింది. "వానాకాలం నుంచీ. టీ గ్లాసులు నేనే కదా ఇచ్చేది. అందరూ అంచు పట్టుకుని ఊదుకుంటారు. మీరు పొగలొచ్చే గ్లాసు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు."

"విక్రమ్‌కు జెప్పినవా?"

"లేదు."

"జెప్తే నన్ను పంపిచ్చి నీకిస్తుండె మిషను."

"ఇస్తారు" అంది ఆమని. "ఇచ్చి, పని రాకపోతే మర్నాడే పంపేస్తారు. మీరు నాకేదీ చెప్పరు. నేర్చుకునేదాకా మీరుండాలి కదన్నా." అతని వేళ్ళకున్న గుడ్డ వంక చూసింది. "నరేన్‌ది ఆ ఫోటో పెట్టడం కూడా నాకు నచ్చలేదు. అదొకటి."

అతను బకెట్ కుళాయి కింద పెట్టాడు. ఆమె జాలిపడి ఉంటే సిగ్గుతో చచ్చేవాడు. ఆమె లెక్క ఆమెకుంది. దాంతో కొంచెం ఊపిరాడింది.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. అనంతలక్ష్మి టీచర్ స్కూలుకు సెలవు పెట్టి మరీ వచ్చింది, దగ్గరుండి చూస్తుందట. విక్రమ్ కుర్చీ వేయించాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండా కారు చుట్టూ తిరిగి, బానెట్ తుడుస్తున్న ఆమని దగ్గర ఆగింది.

"నువ్వు గూడ పడుతవా బిడ్డా మిషను? ఆడిపిల్ల మిషను వట్టుడు నేనైతే యాడ సూడలే. వీడియో తీస్కపోయి మా స్కూల్ పిల్లలకు సూపిస్త."

ఆ మాట విక్రమ్ చెవిన పడింది. మొహం వెలిగిపోయింది. దుకాణం పేజీలో పెట్టడానికి ఇంతకంటే మంచి వీడియో ఎక్కడ దొరుకుతుంది? పరుగున పోయి ఫోన్‌కు స్టాండ్ తగిలించి తెచ్చాడు.

"ఆమనీ, నువ్వు మిషన్ పట్టు. దుర్గేష్, నువ్వు పక్కపొంటి ఉస్తాద్ లెక్క నిలవడు. బానెట్ మీద చెయ్యి వెట్టి వేడి సూస్కుంట ఉండు. వేడైతే జెప్పు, ఆపుతది. మంచిగ వస్తది ఫ్రేముల."

"ఉన్ని ప్యాడే ఉంది సార్ దీనికి" అంది ఆమని.

"ఉండనీ. అదే మస్తు కనవడ్తది."

ఆమని దుర్గేష్ వంక చూసింది. ఆమె కళ్ళలో అతనికి బాగా తెలిసినదొకటి కనబడింది. తను రోజూ పొద్దున అద్దంలో చూసుకునే భయమే. ఆమె రెండు చేతులతో మిషన్ బిగించి పట్టుకుని బొత్తం నొక్కింది. మొదట ఎగిరింది, తర్వాత కుదురుకుంది. ఇన్నాళ్ళూ ఊరికే వెనకాల తిరగలేదు, పట్టు తెలిసింది. కానీ మడత దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించింది. నెమ్మదిస్తే ఇంకా వేడెక్కుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాడు చెప్పలేదు.

దుర్గేష్ అరచెయ్యి బానెట్ మీద పరిచాడు. కెమెరాకు బాగానే కనబడుతూ ఉండాలి. ఆ చేతికింద ఏముందో అతనికి తెలియదు. బల్ల అయినా అంతే, మంచుగడ్డ అయినా అంతే.

అప్పుడొక ఆలోచన వచ్చింది. పిలవకుండానే వచ్చింది. పూత లేస్తే, లేచేది ఆమె చేతిలో. ఫోటో కింద రాసేది ఆమె పేరు. ఆమె రేపటి నుంచి రాదు. తన సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఉండదు. తను చేయాల్సిందల్లా, ఏమీ అనకపోవడం. ఇన్నాళ్ళూ ఓనరంటే భయం, ఫోటో అంటే భయం, డాక్టరంటే భయం. ఈ ఆలోచన చేసినవాడంటే కలిగినంత భయం వాటిలో దేనికీ కలగలేదు.

"ఎట్లున్నది ఉస్తాద్?" అన్నాడు విక్రమ్ ఫోన్ వెనకనుంచి. "సల్లగనే ఉన్నదా?"

ఆమని తల ఎత్తింది. రెండు చేతులూ మిషన్ మీదే ఉన్నాయి.

దుర్గేష్ గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేశాడు.

ప్యాడ్ ఇంకా కొన్ని చుట్లు తిరిగి ఆగింది.

"నాకు తెల్వదు విక్రమన్నా" అన్నాడు. మళ్ళీ చెప్పాడు. "సల్లగున్నదో కాలుతున్నదో నాకు తెల్వదు. నా చెయ్యికి వేడి తెలుస్తలేదు. చాన దినాల సంది."

విక్రమ్ జోకనుకుని నవ్వాడు. దుర్గేష్ వేళ్ళకు చుట్టిన గుడ్డ విప్పి చూపించాడు. బొబ్బలు చితికి ఉన్నాయి. "మొన్న పెనం మీద వెట్టిన. తెల్వలే."

విక్రమ్ ఫోన్ ఆపాడు. టీచరమ్మ వంక చూసి, ఒక్క నిమిషం మేడమ్ అని, దుర్గేష్‌ను అరమర పక్కకు తీసుకుపోయాడు.

"గింత కథ నడిపినవా నా షెడ్ల? కస్టమర్ల బండ్లు గద అవి. ఎవనిదన్న లేస్తే?" అన్నాడు పళ్ళ సందునుంచి. కాసేపు అటూ ఇటూ చూసి, "రేపటి సంది మిషన్ ముట్టకు. వాషింగ్ సూస్కో. ఇష్టం లేకపోతే నీ ఇష్టం."

"సరే" అన్నాడు దుర్గేష్.

ఇన్ని నెలలు ఏ మాట వినకూడదని చెయ్యి దాచుకున్నాడో ఆ మాట వినేశాడు. ఇంటికి పోయి త్రివేణికి చెప్పాలి, దవాఖానకు పోవాలి, అవన్నీ భయాలే. కానీ విక్రమ్ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డా అతని గుండె దడదడలాడలేదు. ఆ ఫోన్‌లో తన గురించి తీయడానికి ఇక ఏమీ లేదు.

బానెట్ దగ్గరికి తిరిగొచ్చాడు. టీచరమ్మ అయోమయంగా నిలబడి ఉంది. "ఏమైంది బాబు? ఇయ్యాల అయిపోతదన్నరు గద?"

"మొత్తం పోదు మేడమ్. పూత పల్చగున్నది. మొత్తం తియ్యాలని సూస్తే రంగే పోతది. ఎండల పక్కకెళ్ళి సూస్తే కొద్దిగ కనవడ్తది."

ఆవిడకు నచ్చలేదు. నచ్చలేదని మొహంలో దాచుకోలేదు కూడా. బ్యాగు ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ముందుగాలనే జెప్పొచ్చు గద" అంది. బానెట్ మీదికి వంగి చూసి, "రంగైతే పోనియ్యకుండ్రి మరి" అంది.

దుర్గేష్ ఆమని వైపు తిరిగాడు. మిషన్ ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

"ఆ ఉన్ని తీసెయ్" అన్నాడు. "ఇది కోసే ప్యాడు. మందంగున్న రంగుకు పనికొస్తది, దీనికి గాదు. మధ్యరకం స్పాంజి తే, సన్న పాలిష్ తే. మడత మీదికి వచ్చినప్పుడు నెమ్మది జెయ్యకు, ఆగకు, దాటిపో. నెమ్మది జేస్తే కాలుతది."

ఆమె తెచ్చింది. అతను చెప్పినట్టే తగిలించింది. అతను చెప్పడం ఆపలేదు. ఏ స్పాంజి దేనికి, ఏది ఎంతసేపు, ఏ చుక్క ఎంత. విక్రమ్ దూరంగా నిలబడి వింటున్నాడు.

"ఇప్పుడు పెట్టనా అన్నా?" అంది ఆమని.

"నన్ను అడుగకు. చెయ్యి వెట్టి నువ్వే జెప్పు."

ఆమె మిషన్ కింద పెట్టి, అరచెయ్యి చీరకు తుడుచుకుని, బానెట్ మీద ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇంకా వేడిగానే ఉందన్నా."

"అయితే ఆగుదాం" అన్నాడు దుర్గేష్.

ఆగారు. విక్రమ్ కూడా ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.